గ్రీన్ టీ సేవనం, రక్త క్యాన్సర్ల ముప్పు: జపాన్ ఒసాకి అధ్యయనం మఠంపల్లి రైతాంగానికి చెప్పేదేమిటి?

సారాంశం

గ్రీన్ టీ తాగేవారిలో రక్త క్యాన్సర్లు తక్కువగా వస్తాయన్న అభిప్రాయానికి ప్రధాన ఆధారం జపాన్ దేశంలోని ఒసాకి ప్రాంతంలో జరిగిన సమూహ అధ్యయనం. 41,761 మందిని 9 సంవత్సరాలు గమనించిన ఈ అధ్యయనంలో, రోజుకు 5 కప్పులు లేదా అంతకు మించి గ్రీన్ టీ తాగేవారిలో రక్త క్యాన్సర్ల ముప్పు నిష్పత్తి 0.58గా నమోదైంది. ఈ అంకె అర్థమేమిటి, దాని పరిమితులేమిటి, తరువాతి పరిశోధనలు దానిని ఎంతవరకు బలపరిచాయి అనే విషయాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. సూర్యాపేట జిల్లా మఠంపల్లి మండలం వంటి వ్యవసాయ ప్రాంతాలలో నీటి ఫ్లోరైడు, స్త్రీలలో రక్తహీనత, పురుగు మందుల సంపర్కం అనే మూడు స్థానిక అంశాలతో కలిపి ఈ ఫలితాలను చదవవలసిన అవసరాన్ని వివరిస్తుంది. గ్రీన్ టీ ఒక పానీయంగా ఆమోదయోగ్యమే గాని, అది రక్త క్యాన్సర్‌కు నివారణ మందుగా గాని, చికిత్సగా గాని రుజువు కాలేదని, కొన్ని సందర్భాలలో దాని సారం చికిత్సకు అడ్డు కూడా కావచ్చునని ఈ వ్యాసం తేల్చి చెబుతుంది.

ముఖ్య పదాలు: గ్రీన్ టీ, కాటెచిన్లు, ల్యుకేమియా, లింఫోమా, మల్టిపుల్ మైలోమా, ఒసాకి అధ్యయనం, ఫ్లోరైడు, పురుగు మందులు, మఠంపల్లి.

1. పరిచయం

కృష్ణా నది ఒడ్డున, నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టు ప్రాంతంలో ఉన్న మఠంపల్లి మండలం వరి, మిరప, పత్తి పంటలకు పేరు గలది. పాలు, చక్కెర కలిపిన చాయ్ ఇక్కడి దినచర్యలో భాగం. గడచిన పది పదిహేను సంవత్సరాలలో హుజూర్‌నగర్, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల కిరాణా దుకాణాలలో గ్రీన్ టీ పొట్లాలు కూడా చోటు సంపాదించుకున్నాయి. బరువు తగ్గడానికి, చక్కెర వ్యాధి అదుపునకు, చివరకు క్యాన్సర్ రాకుండా ఉండడానికి గ్రీన్ టీ తాగాలన్న సలహా పల్లెల వరకూ చేరింది. రైతు శిక్షణ తరగతులలో సైతం ఈ ప్రశ్న తరచుగా వినబడుతున్నది: మందులు పిచికారీ చేసే మాకు రక్త క్యాన్సర్ భయం ఉన్నదంటున్నారు, గ్రీన్ టీ తాగితే అది తప్పుతుందా?

ఈ ప్రశ్నలో రెండు భాగాలున్నాయి. మొదటిది గ్రీన్ టీకి, రక్త క్యాన్సర్లకు గల సంబంధం. రెండవది పొలం పనికి, రక్త క్యాన్సర్లకు గల సంబంధం. మొదటిదానిపై ఆశ ఎక్కువ, ఆధారం తక్కువ. రెండవదానిపై ఆధారం కొంత ఎక్కువ, కాని శ్రద్ధ తక్కువ. ఈ తేడాను స్పష్టం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2. తేయాకు మొక్క, గ్రీన్ టీ తయారీ

గ్రీన్ టీ, మనం రోజూ తాగే చాయ్ రెండూ కమీలియా సైనెన్సిస్ అనే ఒకే మొక్క ఆకుల నుండి వస్తాయి. తేడా అంతా కోసిన తరువాత ఆకును నడిపించే పద్ధతిలో ఉన్నది. లేత ఆకులో పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము ఉంటుంది. ఆకును నలిపి గాలి తగలనిస్తే ఈ ఎంజైము కాటెచిన్లు అనే పాలీఫినాల్ పదార్థాలను ఆక్సీకరణం చేసి థియాఫ్లావిన్లు, థియారూబిజిన్లుగా మారుస్తుంది. నల్ల తేయాకుకు ఎర్రటి రంగు, ఘాటు అలా వస్తాయి. గ్రీన్ టీ తయారీలో, కోసిన వెంటనే ఆకుకు వేడి తగిలించి ఈ ఎంజైమును నిర్వీర్యం చేస్తారు. జపాన్‌లో ఆవిరితోను, చైనాలో ఎక్కువగా ఇనుప బాణలిలో వేయించడం ద్వారాను ఈ పని జరుగుతుంది. అందువలన కాటెచిన్లు చాలా వరకు చెక్కుచెదరకుండా మిగులుతాయి.

కాటెచిన్లలో ప్రధానమైనవి నాలుగు. వాటిలో పరిమాణంలోను, పరిశోధనలోను ముందున్నది ఎపిగాల్లోకాటెచిన్ గాలేట్. దీనిని సంక్షిప్తంగా ఇ.జి.సి.జి. అంటారు. సాధారణంగా ఒక కప్పు గ్రీన్ టీలో సుమారు 50 నుండి 100 మి.గ్రా. ఇ.జి.సి.జి. ఉంటుంది. ఆకు వయసు, కోత కాలం, నీటి వేడిమి, నానబెట్టిన వ్యవధి అనుసరించి ఇది మారుతుంది. నీడలో పెంచిన ఆకులో థియనైన్ పెరిగి కాటెచిన్లు తగ్గుతాయి. ఎండలో పెరిగిన ఆకులో కాటెచిన్లు ఎక్కువ. కాబట్టి "ఒక కప్పు గ్రీన్ టీ" అనేది మందు మాత్రవలె స్థిరమైన మోతాదు కాదు. ఈ విషయం ముందు చర్చించబోయే అధ్యయనాల విషయంలో ముఖ్యం.

తేయాకును మన ప్రాంతంలో పండించవచ్చునా అన్న కుతూహలం కొందరు రైతులకు ఉన్నది. ఈ మొక్కకు పి.హెచ్. విలువ 4.5 నుండి 5.5 వరకు ఉండే ఆమ్ల నేలలు, బాగా పంచుకొని కురిసే 1500 మి.మీ.కు తగ్గని వర్షపాతం, తేమ గాలి కావాలి. మఠంపల్లి పరిసరాలు సున్నపురాయి నిక్షేపాలకు, వాటిపై ఆధారపడిన సిమెంటు కర్మాగారాలకు నిలయం. సున్నం గల నేలలను తేయాకు సహించదు. వర్షపాతం వెయ్యి మిల్లీమీటర్లకు లోపు, వేసవి వేడిమి 40 డిగ్రీల సెల్సియస్‌కు పైన ఉండే ఈ ప్రాంతం ఆ పంటకు తగినది కాదు. మన వద్దకు వచ్చే ఆకు అస్సాం, డార్జిలింగ్, నీలగిరుల వంటి చోట్ల పండినదే.

3. రక్త క్యాన్సర్లు అంటే ఏమిటి?

వాడుకలో "బ్లడ్ క్యాన్సర్" అని ఒకే మాటతో పిలిచినా, ఇది ఒకే వ్యాధి కాదు. ఎముకల మూలుగలోను, లింఫు గ్రంథులలోను తయారయ్యే కణాలు అదుపు తప్పి పెరగడం వలన కలిగే వ్యాధుల సముదాయమిది. తెల్ల రక్తకణాల మూల కణాలలో పుట్టి రక్తంలోకి వ్యాపించేది ల్యుకేమియా. లింఫు గ్రంథులలో గడ్డలుగా మొదలయ్యేది లింఫోమా. ప్రతిరక్షకాలను తయారుచేసే ప్లాస్మా కణాలలో పుట్టి ఎముకలను, మూత్రపిండాలను దెబ్బతీసేది మల్టిపుల్ మైలోమా.

కణాల మూలాన్ని బట్టి వీటిని లింఫాయిడ్, మైలాయిడ్ అనే రెండు పెద్ద వర్గాలుగా విభజిస్తారు. లింఫోమాలు, మైలోమా, లింఫాయిడ్ ల్యుకేమియాలు మొదటి వర్గానికి చెందుతాయి. మైలాయిడ్ ల్యుకేమియాలు రెండవ వర్గానికి చెందుతాయి. ఏ దేశంలో ఏ రకం ఎక్కువ అన్నది కూడా మారుతుంది. ఉదాహరణకు, దీర్ఘకాలిక లింఫాయిడ్ ల్యుకేమియా పాశ్చాత్య దేశాలలో సాధారణం, ఆసియా దేశాలలో అరుదు. అందువలన ఒక దేశపు ఫలితాన్ని మరొక దేశానికి యథాతథంగా అన్వయించడం తొందరపాటు అవుతుంది.

4. ఒసాకి అధ్యయనం

జపాన్ ఈశాన్య భాగంలోని మియాగి రాష్ట్రంలో ఒసాకి ప్రాంతం ఉన్నది. వ్యవసాయ శాస్త్రవేత్తలకు ఈ పేరు మరొక విధంగా కూడా పరిచితం. అక్కడి వరి సాగులోని సంప్రదాయ నీటి యాజమాన్య పద్ధతిని ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2017లో ప్రపంచ ప్రాముఖ్యం గల వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. అనగా ఇది కూడా మన సాగర్ ఆయకట్టు వలె కాలువ నీటితో వరి పండించే నేలే.

ఈ ప్రాంతంలో జాతీయ ఆరోగ్య బీమా పరిధిలోని 40 నుండి 79 సంవత్సరాల వయసు గల వారిని తొహొకు విశ్వవిద్యాలయ పరిశోధకులు 1994లో ఒక సమూహంగా చేర్చుకున్నారు. వారి ఆహారం, పానీయాలు, పొగ అలవాటు, ఆరోగ్య చరిత్ర తదితర వివరాలను ప్రశ్నావళి ద్వారా సేకరించారు. అప్పటికే క్యాన్సర్ ఉన్నవారిని మినహాయించి మిగిలిన 41,761 మందిని 9 సంవత్సరాలు గమనించారు. ఆ కాలంలో 157 మందికి రక్త క్యాన్సర్లు వచ్చాయి. ఫలితాలు 2009లో ప్రచురితమయ్యాయి. రోజుకు ఒక కప్పు కన్నా తక్కువ తాగేవారితో, 5 కప్పులు లేదా అంతకు మించి తాగేవారిని పోల్చగా వచ్చిన విలువలు పట్టిక 1లో ఉన్నాయి.

పట్టిక 1. ఒసాకి అధ్యయనంలో రోజుకు 5 కప్పులు, అంతకు మించి గ్రీన్ టీ తాగేవారిలో ముప్పు నిష్పత్తి

అన్ని రక్త క్యాన్సర్లు: కేసులు 157, ముప్పు నిష్పత్తి 0.58; 95 శాతం విశ్వాస అంతరం 0.37 నుండి 0.89
లింఫాయిడ్ వర్గం: కేసులు 119, ముప్పు నిష్పత్తి 0.52, 95 శాతం విశ్వాస అంతరం 0.31 నుండి 0.87
మైలాయిడ్ వర్గం: కేసులు 36, ముప్పు నిష్పత్తి 0.76; 95 శాతం విశ్వాస అంతరం 0.32 నుండి 1.78

(కేసుల సంఖ్య మొత్తం సమూహానికి సంబంధించినది.)

స్త్రీ, పురుష భేదాన్ని బట్టి గాని, శరీర బరువును బట్టి గాని ఈ సంబంధంలో చెప్పుకోదగిన తేడా కనబడలేదు. మరొక వివరం కూడా గమనించదగినది. ఆ ప్రాంతంలో ఒక కప్పు అంటే సుమారు 100 మి.లీ. మాత్రమే. ఐదు కప్పులంటే అర లీటరు. మన ఇళ్లలోని పెద్ద స్టీలు గ్లాసుతో రెండున్నర గ్లాసులకు మించదు. పాలు, చక్కెర ఏవీ అందులో కలపరు.

5. అంకెలను చదవవలసిన తీరు

ముప్పు నిష్పత్తి 0.58 అంటే, పోల్చిన వర్గంతో చూస్తే ముప్పు 42 శాతం తక్కువగా కనబడిందని అర్థం. ప్రచారంలో ఈ 42 శాతమే వినబడుతుంది. కాని క్షేత్ర ప్రయోగాల ఫలితాలను చదివే అలవాటు గలవారు మరి మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటిది, అసలు ముప్పు ఎంత? 41,761 మందిలో 157 మందికి అంటే, 9 సంవత్సరాలలో వెయ్యి మందిలో నలుగురికన్నా కొంచెం తక్కువ. అర్థం కావడానికి ఒక లెక్క వేద్దాం. తక్కువ తాగేవారిలో వెయ్యికి 5గురికి వ్యాధి వస్తుందనుకుంటే, 0.58 నిష్పత్తి ప్రకారం ఎక్కువ తాగేవారిలో వెయ్యికి సుమారు 3గురికి వస్తుంది. వెయ్యి మంది తొమ్మిదేళ్లు రోజూ తాగితే తేడా ఇద్దరు. ఒక పంటలో తెగులు 5 శాతం నుండి 3 శాతానికి తగ్గడానికి, 50 శాతం నుండి 30 శాతానికి తగ్గడానికి రైతుకు ఎంత తేడా ఉంటుందో ఇక్కడా అంతే.

రెండవది, అంచనా ఎంత స్థిరమైనది? విశ్వాస అంతరంలో 1 అనే విలువ చేరితే, ప్రభావం లేకపోవడానికి కూడా అవకాశం ఉన్నదని అర్థం. మొత్తం రక్త క్యాన్సర్లకు, లింఫాయిడ్ వర్గానికి ఈ అంతరం 1కి దిగువనే ఉన్నది. మైలాయిడ్ వర్గానికి 0.32 నుండి 1.78 వరకు పరచుకొని ఉన్నది. 36 కేసులతో ఏమీ తేల్చలేమని దీని భావం. అంతర్జాలంలో గాని, పొట్లాల ప్రకటనలలో గాని ఈ భేదం కనబడదు.

మూడవది, కారణం ఇదేనా? క్షేత్ర ప్రయోగంలో మనం మడులను యాదృచ్ఛికంగా కేటాయిస్తాము. ఒక మడికి ఎరువు వేసి, పక్క మడికి వేయకుండా, మిగిలినవన్నీ సమానంగా ఉంచుతాము. ఒసాకిలో అలా జరగలేదు. ఎవరు ఎన్ని కప్పులు తాగాలో పరిశోధకులు నిర్ణయించలేదు, ప్రజలు తమంత తాము తాగినదానిని నమోదు చేశారు. ఎక్కువ గ్రీన్ టీ తాగేవారు ఇతర విషయాలలోను భిన్నంగా ఉండవచ్చు. చేపలు, కూరగాయలు తినడం, కాఫీ, పొగ, సారా అలవాట్లు, వైద్య పరీక్షలు చేయించుకోవడం వంటివన్నీ ఫలితంలో కలగలసిపోతాయి. పరిశోధకులు గణాంక పద్ధతులతో వీటిని సర్దుబాటు చేశారు. అయినా కొలవని అంశాన్ని సర్దుబాటు చేయడం సాధ్యం కాదు. సారవంతమైన మడిలోనే ఎరువు పడితే దిగుబడి ఎరువుదా, నేలదా అన్న సందేహం మిగిలినట్లే ఇక్కడా మిగులుతుంది.

6. ఇతర అధ్యయనాల సాక్ష్యం

ఒకే ప్రదేశంలో ఒక పర్యాయం వచ్చిన దిగుబడిని చూసి ఏ విత్తన రకాన్నీ సిఫారసు చేయము. పలు ప్రదేశాలలో, పలు సంవత్సరాలలో పరీక్షిస్తాము. అదే కొలమానంతో చూద్దాం.

అదే ఒసాకి సమూహంపై 2006లో ప్రచురితమైన మరొక విశ్లేషణలో, గ్రీన్ టీ ఎక్కువగా తాగేవారిలో అన్ని కారణాల మరణాలు, ముఖ్యంగా గుండె, రక్తనాళాల వ్యాధుల మరణాలు తక్కువగా కనబడ్డాయి. కాని మొత్తం క్యాన్సర్ మరణాలతో ఎటువంటి సంబంధం కనబడలేదు. జపాన్‌లోనే మరొక పెద్ద సమూహంపై 2019లో వెలువడిన విశ్లేషణ రక్త క్యాన్సర్ల విషయంలో ఒసాకి ఫలితం వైపే మొగ్గింది. అయితే ఆ దేశపు ప్రజారోగ్య కేంద్రాల ఆధారంగా జరిగిన వేరొక అధ్యయనంలో లింఫోమా, మైలోమాలకు గ్రీన్ టీతో స్పష్టమైన సంబంధం కనబడలేదు. అక్కడ లింఫోమా ముప్పు తక్కువగా కనబడింది కాఫీ తాగేవారిలో.

అన్ని రకాల క్యాన్సర్లను కలుపుకొని కాక్రేన్ సంస్థ 2020లో వెలువరించిన సమీక్షలో 142 అధ్యయనాలు, 11 లక్షల మందికి పైగా పాల్గొన్నవారి వివరాలు చేరాయి. వాటిలో 131 పరిశీలనాత్మక అధ్యయనాలు, 11 మాత్రమే ప్రయోగాత్మక అధ్యయనాలు. గ్రీన్ టీ క్యాన్సర్ ముప్పును తగ్గిస్తుందనడానికి లభించిన సాక్ష్యం పరస్పరం పొందిక లేనిదని ఆ సమీక్ష నిర్ధారించింది. అంటే ఆశకు తావున్నది గాని, సిఫారసుకు తగిన బలం ఇంకా రాలేదు.

7. కణాల నుండి రోగుల వరకు

ప్రయోగశాల ఫలితాలు మాత్రం ఆసక్తికరంగా ఉన్నాయి. ల్యుకేమియా కణాలకు ఇ.జి.సి.జి. తగిలించినప్పుడు అవి తమంత తాము నశించే ప్రక్రియలోకి వెళ్లడం పలు ప్రయోగాలలో కనబడింది. అయితే ఇక్కడ మోతాదు సమస్య ఉన్నది. ఈ ప్రయోగాలలో వాడే గాఢత సాధారణంగా 10 నుండి 100 మైక్రోమోలార్ల వరకు ఉంటుంది. కొన్ని కప్పుల గ్రీన్ టీ తాగినవారి రక్తంలో అది ఒక మైక్రోమోలార్‌కు చేరడమే కష్టం. పేగులలో ఈ పదార్థం శోషణ చాలా తక్కువ. గాజు పళ్లెంలో శిలీంధ్రాన్ని చంపిన కషాయం పొలంలో తెగులును ఆపకపోవడం మనకు తెలిసినదే.

ఈ అంతరాన్ని దాటడానికి అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు శుద్ధిచేసిన గ్రీన్ టీ సారంతో రోగులపై పరీక్షలు జరిపారు. తొలి దశ దీర్ఘకాలిక లింఫాయిడ్ ల్యుకేమియా గల, అప్పటికి చికిత్స అవసరం పడని 42 మందికి రోజుకు రెండు పూటలా, పూటకు 2000 మి.గ్రా. ఇ.జి.సి.జి. గల సారాన్ని ఇచ్చారు. 2013లో ప్రచురితమైన ఈ రెండవ దశ పరీక్షలో 31 శాతం మందిలో లింఫోసైట్ల సంఖ్య 20 శాతం లేదా అంతకు మించి తగ్గి నిలిచింది. చేతికి తగిలే గ్రంథుల వాపు ఉన్నవారిలో 69 శాతం మందికి ఆ వాపు సగం లేదా అంతకు మించి తగ్గింది.

ఇది నిజమైన జీవ ప్రభావమే. కాని రోజుకు 4000 మి.గ్రా. అంటే 40 నుండి 80 కప్పుల గ్రీన్ టీకి సమానం. పోల్చడానికి మందు వాడని వర్గం ఆ పరీక్షలో లేదు. రోగుల ఆయుష్షు పెరిగిందని అది నిరూపించలేదు. పైగా అధిక మోతాదుకు మరొక పార్శ్వం ఉన్నది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో వెలువరించిన అభిప్రాయం ప్రకారం, మాత్రల రూపంలో రోజుకు 800 మి.గ్రా. లేదా అంతకు మించి ఇ.జి.సి.జి. తీసుకొన్నవారిలో కాలేయం దెబ్బతింటున్నదనడానికి సూచికలైన ఎంజైములు రక్తంలో పెరిగాయి. నీటిలో నానబెట్టి తాగే గ్రీన్ టీ సాధారణంగా సురక్షితమేనని అదే సంస్థ పేర్కొన్నది. కనుక పానీయం వేరు, సారం మాత్రలు వేరు. వైద్య పర్యవేక్షణలో జరిగిన పరీక్షను చూసి ఇంటి వద్ద మాత్రలు మింగడం ప్రమాదకరం.

8. చికిత్సలో ఉన్నవారికి ముఖ్య హెచ్చరిక

మల్టిపుల్ మైలోమా చికిత్సలో బోర్టెజోమిబ్ అనే ఇంజెక్షన్ విస్తృతంగా వాడబడుతున్నది. దీని అణువులో బోరోనిక్ ఆమ్ల సమూహం ఉంటుంది, మందు పనిచేసేది దాని ద్వారానే. సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2009లో ఒక ఊహించని విషయాన్ని ప్రకటించారు. ఇ.జి.సి.జి. ఈ బోరోనిక్ ఆమ్ల సమూహానికి నేరుగా అతుక్కొని మందును నిర్వీర్యం చేస్తున్నది. కణాలలోను, ఎలుకలలోను క్యాన్సర్ కణాలను చంపే శక్తి మందుకు లేకుండా పోయింది. రెండు పురుగు మందులను ఒకే ట్యాంకులో కలిపినప్పుడు ఒకటి మరొకదానిని విరగ్గొట్టడం వంటిదే ఇది.

తరువాత జరిగిన జంతు ప్రయోగాలన్నీ ఇదే తీవ్రతను చూపలేదు. మామూలుగా తాగే ఒకటి రెండు కప్పులతో ఇంత ప్రభావం ఉంటుందనీ చెప్పలేము. అయినా ఒక రోగికి ఇక్కడ పోయేది పెద్దది, దక్కేది ఏమీ లేదు. అందువలన బోర్టెజోమిబ్ తీసుకొంటున్నవారు గ్రీన్ టీ సారం మాత్రలను పూర్తిగా మానాలి, గ్రీన్ టీ తాగే అలవాటు ఉంటే తమ వైద్యునికి తప్పక చెప్పాలి. మరొక విషయం. మేలు చేయాలన్న ప్రేమతో బంధువులు తెచ్చి ఇచ్చే కషాయాలు, చూర్ణాలు, మాత్రలు ఏవైనా సరే, హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి, నిమ్స్ వంటి సంస్థలలో చికిత్స పొందుతున్నవారు వాటి పొట్లాన్ని వెంట తీసుకొని వెళ్లి వైద్యునికి చూపడం మంచి పద్ధతి.

9. మన ప్రాంతానికి సంబంధించిన రెండు అంశాలు

జపాన్ ఫలితాన్ని ఇక్కడికి తెచ్చుకునేటప్పుడు అక్కడ లేని రెండు అంశాలను లెక్కలోకి తీసుకోవాలి.

మొదటిది ఫ్లోరైడు. 2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా ఏర్పడక ముందు మఠంపల్లి నల్లగొండ జిల్లాలో భాగం. భూగర్భ జలాలలో ఫ్లోరైడు వలన కలిగిన ఎముకల వ్యాధికి ఆ ఉమ్మడి జిల్లా దేశమంతటా తెలిసినది. పటిక, సున్నంతో ఫ్లోరైడును తొలగించే పద్ధతికి "నల్లగొండ పద్ధతి" అనే పేరే స్థిరపడింది. తేయాకు మొక్క ఆమ్ల నేలల నుండి ఫ్లోరైడును, అల్యూమినియంను అధికంగా పీల్చి ఆకులలో నిల్వ చేసుకుంటుంది. లేత చిగురులో తక్కువ, ముదురు ఆకులో చాలా ఎక్కువ. నాసిరకపు చౌక తేయాకులో ముదురు ఆకు పాలు హెచ్చు. తాగునీటిలో లీటరుకు 1.5 మి.గ్రా. ఫ్లోరైడు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. ఆ పరిమితికి దగ్గరగా ఉన్న బోరు నీటితో రోజూ ఐదారు కప్పుల టీ కాచుకుంటే నీటి నుండి కొంత, ఆకు నుండి కొంత కలసి చేరుతుంది. మరిగించడం వలన ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై మిగిలిన నీటిలో దాని గాఢత ఇంకా పెరుగుతుంది. కాబట్టి గ్రీన్ టీ తాగదలచినవారు శుద్ధిచేసిన నదీ జలాన్ని, లేత ఆకుతో చేసిన తేయాకును వాడడం మేలు.

రెండవది రక్తహీనత. తెలంగాణలో 15 నుండి 49 సంవత్సరాల స్త్రీలలో సగానికి మించి రక్తహీనతతో ఉన్నారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు తెలుపుతున్నాయి. పప్పులు, ఆకుకూరలు, ధాన్యాల నుండి లభించే ఇనుమును తేయాకు పాలీఫినాళ్లు పేగులోనే పట్టివేస్తాయి. ఏ కాటెచిన్లను మేలుగా భావిస్తున్నామో, అవే ఇక్కడ కీడు చేస్తాయి. భోజనానికి ఒక గంట ముందు, ఒక గంట తరువాత టీ, కాఫీలు తాగరాదని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలలో సూచించింది. నాటు వేయడానికి, మిరపకాయలు ఏరడానికి వెళ్లే కూలీ స్త్రీలు సద్దితో పాటే చాయ్ తాగే అలవాటును మార్చుకోవడం వారి రక్తానికి తక్షణం మేలు చేసే పని. ఇనుము మాత్రలు వాడే గర్భిణులకు ఇది మరీ ముఖ్యం.

10. పొలంలో తగ్గించుకోగల ముప్పు

ఇక ప్రశ్నలోని రెండవ భాగం. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2015లో కొన్ని వ్యవసాయ రసాయనాలను సమీక్షించింది. లిండేన్‌ను మానవులలో క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలో చేర్చింది, దానికి ఆధారం నాన్ హాడ్జ్‌కిన్ లింఫోమా. మలాథియాన్, డయాజినాన్, గ్లైఫోసేట్‌లను బహుశా క్యాన్సర్ కలిగించేవిగా వర్గీకరించింది. ఈ మూడింటి విషయంలోను మానవులలో పరిమిత సాక్ష్యం లభించిన వ్యాధులలో నాన్ హాడ్జ్‌కిన్ లింఫోమా ఉన్నది. లిండేన్ వాడకం మన దేశంలో 2013 నుండి నిషిద్ధం.

ఇక్కడా సమతూకం అవసరం. ఈ వర్గీకరణ హాని చేయగల స్వభావాన్ని తెలుపుతుంది, ఎంత సంపర్కంతో ఎంత ముప్పు అన్నదానిని కాదు. అమెరికాలోని అయోవా, ఉత్తర కరోలినా రాష్ట్రాల పిచికారీదారులపై సాగిన పెద్ద అధ్యయనం 2018లో గ్లైఫోసేట్‌కు, నాన్ హాడ్జ్‌కిన్ లింఫోమాకు మొత్తం మీద సంబంధం కనబడలేదని తెలిపింది. శాస్త్రీయ వివాదం ఇంకా ముగియలేదు. అయితే గ్రీన్ టీకి, పురుగు మందుకు ఒక తేడా ఉన్నది. సాక్ష్యం పూర్తి కాకున్నా, మందు ఒంటిపై పడకుండా చూసుకోవడం వలన నష్టం ఏమీ లేదు. విషప్రభావం నుండి ఆ రోజే రక్షణ కూడా లభిస్తుంది.

మిరపలో తామర పురుగులు, నల్లికి, పత్తిలో రసం పీల్చే పురుగులకు ఒక పంటకాలంలో అనేకసార్లు పిచికారీ జరుగుతున్న మన ప్రాంతంలో ఈ క్రింది జాగ్రత్తలు ముఖ్యమైనవి.

(అ) మందు కలిపేటప్పుడు చేతి తొడుగులు తప్పనిసరి. సంపర్కం అత్యధికంగా జరిగేది గాఢమైన మందును డబ్బా నుండి ఒంపే ఆ కొద్ది నిమిషాలలోనే. చేత్తో కలపరాదు, కర్రతో కలపాలి.

(ఆ) పొడవు చేతుల చొక్కా, ప్యాంటు, ముఖానికి మాస్కు, కళ్లద్దాలు ధరించాలి. గాలికి ఎదురుగా పిచికారీ చేయరాదు. తడిసిన బట్టలతో పని కొనసాగించరాదు, ఆ బట్టలను ఇంటి బట్టలతో కలపకుండా ఉతకాలి.

(ఇ) డబ్బాపై ఉండే ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాలు తక్షణ విషతీవ్రతను మాత్రమే సూచిస్తాయి. ఆకుపచ్చ గుర్తు ఉన్నది కనుక దీర్ఘకాలంలోను హాని లేదని భావించరాదు.

(ఈ) పెట్రోలులో బెంజీన్ ఉంటుంది. బెంజీన్ మైలాయిడ్ ల్యుకేమియాకు నిర్ధారిత కారకం. పవర్ స్ప్రేయర్‌లో పోయడానికి మోటారు సైకిలు ట్యాంకు నుండి పైపుతో నోటితో పెట్రోలు లాగే అలవాటును పూర్తిగా మానాలి.

(ఉ) ఖాళీ డబ్బాలను నీటికి, ధాన్యానికి, నూనెకు వాడరాదు.

(ఊ) అన్నిటికన్నా ముఖ్యం పిచికారీల సంఖ్యను తగ్గించడం. జిగురు అట్టలు, లింగాకర్షక బుట్టలు, ఎర పంటలు, ఆర్థిక నష్ట స్థాయిని చూసి మాత్రమే మందు వాడడం వంటి సమగ్ర సస్యరక్షణ పద్ధతులపై గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రం, కంపాసాగర్ వ్యవసాయ పరిశోధనా స్థానం శాస్త్రవేత్తలను సంప్రదించవచ్చు.

11. గుర్తించవలసిన లక్షణాలు

కారణం తెలియని జ్వరం వారాల తరబడి ఉండడం, విపరీతమైన నీరసం, పాలిపోవడం, చిగుళ్ల నుండి రక్తం కారడం, దెబ్బ తగలకున్నా చర్మంపై నీలి మచ్చలు, మెడ, చంక, గజ్జలలో నొప్పి లేని గడ్డలు, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, తగ్గని నడుము లేక ఎముకల నొప్పి రక్త క్యాన్సర్లకు సూచన కావచ్చు. ఇవన్నీ ఇతర సాధారణ వ్యాధులలోను ఉంటాయి. తేల్చడానికి మొదటి మెట్టు సి.బి.పి. అనే చవకైన రక్త పరీక్ష. నొప్పి లేదు కదా అని గడ్డను ఉపేక్షించి, నెలల తరబడి గ్రీన్ టీ మీదనో కషాయం మీదనో ఆధారపడడం వలన కలిగే నష్టమే ఈ విషయమంతటిలో అతి పెద్దది. పిల్లలలో వచ్చే లింఫాయిడ్ ల్యుకేమియా, అనేక లింఫోమాలు సకాలంలో చికిత్స అందితే నయమయ్యే వ్యాధులు.

12. ముగింపు

ఒసాకి అధ్యయనం జాగ్రత్తగా జరిగిన, గౌరవించదగిన పరిశోధన. రోజుకు అర లీటరు గ్రీన్ టీ తాగే జపాన్ ప్రజలలో లింఫాయిడ్ క్యాన్సర్లు తక్కువగా కనబడ్డాయని అది చెబుతున్నది. గ్రీన్ టీ వలననే తగ్గాయని అది చెప్పడం లేదు. తరువాతి అధ్యయనాలు ఏకాభిప్రాయానికి రాలేదు. కాబట్టి రుచి నచ్చినవారు పాలు, చక్కెర లేకుండా, మరీ వేడిగా కాక, భోజనానికి దూరంగా, మంచి నీటితో చేసుకొని రెండు మూడు కప్పులు తాగవచ్చు. చక్కెర చాయ్ స్థానంలో తాగితే చక్కెర తగ్గడం ఒక్కటే ఖాయమైన లాభం. క్యాన్సర్ భయంతో ఖరీదైన పొట్లాలు, మాత్రలు కొనవలసిన అవసరం లేదు.

ఆ పొట్లానికి పెట్టే డబ్బుతో ఒక జత చేతి తొడుగులు, ఒక మంచి మాస్కు వస్తాయి. మందు పిచికారీ చేసే రైతుకు, కూలీకి నేటి శాస్త్ర జ్ఞానం మేరకు ముందుగా కొనదగినవి అవే.